బిందెలో పాడిన పాటలు

“బిందె ఖాళీ చెయ్యి,” అన్నాడాయన కుర్చీలోంచి కదలకుండానే.

నిండు బిందె. పొద్దున్నే వీధి చివరి కుళాయి దగ్గర వరసలో నిలబడి, వెనకావిడ మోచేతి పోట్లు భరించి, నడుం మీద పెట్టుకుని తెచ్చిన నీళ్ళు. ఇంకా వంట కూడా కాలేదు. ఆమె బిందెను పెరట్లోకి మోసుకెళ్ళి, సగం అంట్ల తొట్టిలోనూ సగం మొక్కల పాదుల్లోనూ వంచేసింది. ఇంకో గిన్నెలో పోసి దాచుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కాపరానికొచ్చిన కొత్తలో ఆమెకూ అనిపించింది. “గిన్నె మార్చిన నీళ్ళు నాకు గొంతు దిగవమ్మాయ్,” అన్నారు అత్తగారు. ఆ ఒక్క మాటతో ఆ దారి మూసుకుపోయింది. అంచేత ఇంట్లో పాట పుట్టినప్పుడల్లా ఆమెకు కుళాయి దగ్గరికి ఇంకో తిరుగుడు. అక్కడి ఆడవాళ్ళు ఆమెకు బిందెమ్మ అని పేరు కూడా పెట్టేశారు. “బిందెమ్మ మళ్ళీ వచ్చిందే. మీ ఇంట్లో ఏనుగును గానీ పెంచుతున్నారా?” అని నవ్వేవారు. ఏనుగైతే నయమే, తొండంతో తన నీళ్ళు తనే పట్టుకుంటుంది అనుకునేది ఆమె, పైకి వాళ్ళతో కలిసి నవ్వుతూనే.

ఆ ఏనుగును ఊరంతా పాటలాయన అంటుంది.

అంతకుముందు పాటలు నాటకాల్లో ఉండేవి. తెర లేచాక రాజు వచ్చి ఒకే పాటను ఓపికున్నంతసేపు సాగదీసినా ఎవరూ కాదనేవారు కారు. గ్రామఫోను కంపెనీవాళ్ళ ప్లేటు మీద అంత చోటు లేదు. మూడు నిమిషాలు, చచ్చినట్టు అందులో ఇమడాలి. మా పాటకు తోక కత్తిరిస్తారా అని పెద్ద పెద్ద నాటక కవులు విదిలించుకుపోయారు. అప్పటికి మందుల దుకాణంలో సీసాలకు చీటీలు రాసే ఉద్యోగంలో ఉన్న ఈయన ముందుకొచ్చాడు. సీసా ఎంతుంటే అంతే రాయడం అలవాటైన చెయ్యి. ప్లేటు కోసమని పాట రాసిన మొదటి మనిషి ఆయనే.

కానీ మొదటి ప్లేటు నవ్వులపాలైంది. పాడేవాళ్ళు ఓ పెద్ద ఇత్తడి బూరలో తల దూర్చినంత పని చేసి పాడాలి. బూర అవతల సూది, సూది కింద మైనం బిళ్ళ. గొంతులోంచి గట్టిగా వచ్చే అక్షరాలను బూర పట్టుకుంటుంది గానీ, పళ్ళ సందుల్లోంచి గాలిలా జారేవాటిని మింగేస్తుంది. శాలలూ, శాంతులూ, శృంగారాలూ అన్నీ అందులో పడి మాయమైపోయాయి. ఆ దెబ్బతో ఆయనకు తట్టిన ఉపాయమే బిందె. ఖాళీ బిందెను పీట మీద అడ్డంగా పడుకోబెట్టాలి. ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, బిందె మూతిలో ముఖం పెట్టి పాడాలి. ఆయన గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, ఆ తలుపుకు చెవి ఆనించి వింటాడు. తలుపు దాటి వచ్చిన మాట పాటలో ఉంటుంది, రాని మాట పోతుంది. “వినబడలేదు. మళ్ళీ,” అని లోపల్నుంచి కేక. ఆమె మళ్ళీ పాడుతుంది. అలా బిందె దాటని పాటను ఆయన ఇల్లు దాటనివ్వడు. ఈ రహస్యాన్ని కంపెనీవాళ్ళకు కూడా చెప్పలేదు. చెప్తే అందరి ఇళ్ళలోనూ బిందెలున్నాయి కదా అని ఆయన భయం. పెళ్ళాలు కూడా ఉన్నారన్న సంగతి ఆయనకు తట్టినట్టు లేదు.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆమెకు ఆ పని ఇష్టంగానే ఉండేది. కోడలి గొంతు గుమ్మం దాటకూడదనే ఇంట్లో, గొంతెత్తి పాడమని మొగుడే చెప్పడం ఎంతమందికి దొరుకుతుంది? బూడిదతో తోమిన ఇత్తడి వాసన, తన ఊపిరి వేడి, రెండింతలై తిరిగొచ్చే తన గొంతు. ఆ కాసేపు ఆమె ముఖం ఎవరికీ కనబడేది కాదు. కూర మాడిందనీ, జడ వదులైందనీ ఎవరూ అనడానికి ఉండేది కాదు. ఒకరోజు ధైర్యం చేసి, “ప్లేటు మీద నేనే పాడితే ఎలా ఉంటుందంటారు?” అని అడిగింది. ఆయన కోప్పడలేదు, ముద్దుగానే నవ్వాడు. “నీది చిత్తుకు పనికొచ్చే గొంతే. సాపు రాయడానికి ఆవిడుందిగా,” అన్నాడు. ఆ ముద్దే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. ఆ రోజు నుంచి బిందె మూతి కొంచెం ఇరుకైనట్టు అనిపించేది.

ఆవిడంటే కంపెనీలో పాడే పెద్దగొంతావిడ. ఆవిడ గొంతు తడుపుకోవడానికి వేడినీళ్ళ చెంబు పట్టుకుని కూర్చోవడం కోసం ఒకసారి ఆమెను కూడా రికార్డింగుకు తీసుకెళ్ళారు. గది నిండా పరుపులు అడ్డంపెట్టి, కిటికీలు బిగించి, లోపల కొలిమిలా ఉంది. మైనం మేస్త్రీ అని అందరూ పిలిచే యంత్రంవాడు పెద్దగొంతావిడ వెనక నిలబడి, పాట పైకెళ్ళినప్పుడల్లా భుజాలు పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు, కిందికి దిగినప్పుడల్లా బూరలోకి తోస్తున్నాడు. పాట అవగానే ఆవిడ రాసినవారి పేరు గట్టిగా అరిచి చెప్పింది. అలా చెప్పకపోతే ఎక్కడో దూరాన ప్లేట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఏ చీటీ దేనికి అంటించాలో తెలియదట. “ఇప్పుడు వినిపిస్తారా?” అని ఆమె మేస్త్రీని అడిగింది. “వింటే మైనం అరిగిపోతుందమ్మా. ప్లేటు తయారై వచ్చేదాకా ఏం పట్టామో నాకూ తెలీదు,” అన్నాడతను. ఆమె ఆ బూర వంక చాలాసేపు చూసింది. పొట్ట లేదు గానీ, అచ్చం తన బిందే.

మాటను నమిలి మింగడం ఆమెకు ఎప్పుడు వచ్చిందంటే, ఆయన ఓ పతివ్రత పాట రాసినప్పుడు. ‘నువ్వు తిడితే తేనె చుక్క, కొడితే పువ్వు దెబ్బ’ అని చరణం. ముందురోజే కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన కంచం తోసేశాడు, ఆ మెతుకులు ఏరింది ఆమె. చరణం దగ్గరికి వచ్చేసరికి నాలుక దానంతటదే మడతపడింది. “వినబడలేదు. మళ్ళీ.” మళ్ళీ మడతపెట్టింది. కాసేపటికి తలుపవతల పెన్సిలు బరబరా కొట్టేసిన చప్పుడు. “ఈ చరణం బిందెలో నిలవడం లేదు,” అన్నాడాయన బయటికొచ్చి, బిందె మీద కోపంగా. ఆ రోజు కుళాయికి వెళ్తుంటే ఆమెకు బిందె బరువే తెలియలేదు. తర్వాత ఎన్ని చరణాలు అలా ఆమె నాలుక కింద నలిగి చచ్చాయో లెక్కలేదు. ‘ఆడదాని మనసును ఇంత మర్యాదగా రాసిన కవి మరొకరు లేరు’ అని ఓ పత్రిక మెచ్చుకుంది. ఆయన అన్నం తింటూ దాన్ని గట్టిగా చదివి వినిపించాడు. ఆమె మారు వడ్డిస్తూ విన్నది. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లే చోటు అదొక్కటే, బిందె లోపల. జైల్లో ఉన్నవాడికి కిటికీ దొరికినట్టు అదే చాలనుకుంది.

ఇప్పుడు మళ్ళీ ఆ రోజు దగ్గరికి వద్దాం. బిందె వంచేసి తెచ్చి, పీట మీద పడుకోబెట్టి, ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది.

‘శశిముఖి శయ్యపై శయనించెనమ్మా, శబ్దమేల సఖులార శాంతి శాంతి.’

ఆయనకు అప్పుడప్పుడూ ఈ జ్వరం వస్తుంటుంది. నాటక కవులు ఆయన్ని వంటింటి కవి అని వెక్కిరించినప్పుడల్లా ఇలా పాండిత్యం ఒలకబోస్తాడు. ఎవరి శశిముఖో, ఏ శయ్యో అనుకుంటూ ఆమె పాడింది. ఆమె ఏమీ చెయ్యనక్కర్లేకుండానే బిందె మొత్తం మింగేసింది. “ఒక్క ముక్క వినబడలేదు,” అని ఆయన కాగితం పట్టుకెళ్ళి ఇంకోటి తెచ్చాడు. ‘చిన్నదానికి కునుకు పట్టిందమ్మా, గజ్జెలు తీసేసి నడవండమ్మా.’ ఈసారి ఆమె పాడుతూ పాడుతూ ఆగింది. కునుకు పట్టిన చిన్నది ఎవరో ఆమెకు తెలిసింది. నాలుక మడతపెట్టింది. “వినబడలేదు. మళ్ళీ.” ఇంకా మడతపెట్టింది. పెన్సిలు చప్పుడు. తర్వాత ఆయన కళ్ళు మెరుస్తుండగా బయటికి వచ్చి, కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

‘తలుపు మెల్లగా వెయ్యండమ్మా, పాప లేస్తుంది.’

కొన్నేళ్ళ కిందట వాళ్ళకు పాప పుట్టింది, నెల కూడా నిండలేదు. ఒక సాయంత్రం పాలు తాగింది, తెల్లారి లేవలేదు. ఆ తర్వాత ఎన్నాళ్ళో ఇంట్లో ఎవరు ఏ తలుపు వేసినా ఆమె నోటి నుంచి అదే మాట వచ్చేది. తలుపు మెల్లగా వెయ్యండి, పాప లేస్తుంది. తెలిసే అనేదో తెలియక అనేదో ఆమెకే తెలియదు. “ఆ పిచ్చిమాటలు కట్టిపెట్టు, ఇంటికి మంచిది కాదు,” అని అత్తగారు కసురుకున్నారు. ఆయన మాత్రం ప్రతి తలుపునూ రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా, చప్పుడు కాకుండా వేసేవాడు. ఆ మెల్లదనం కోసం ఆమె ఆయన్ని చాలా వాటికి క్షమించింది. తోసేసిన కంచాలకూ, చిత్తు గొంతుకూ, వంచేసిన నీళ్ళకూ. ఈ ఇంట్లో తన బాధ అర్థమైన మనిషి ఒకడున్నాడనుకుని ఇన్నాళ్ళూ ఆ గోడకు ఆనుకుని నిలబడింది. ఇప్పుడు తెలుస్తోంది, ఆయన అప్పుడు తలుపు వేస్తున్నది పాప కోసం కాదు. మాట చెడకుండా వినడం కోసం. పైగా దాన్ని పైకి తీసిచ్చింది ఎవరు? తనే. తను ఒక మాట మింగితే ఆయన ఇంకో మాట వెతికాడు. పండితుల మాట పోయి పల్లె మాట, అదీ పోయి ఇంటి మాట. తన ఒక్క కిటికీ లోంచే దొంగను లోపలికి రానిచ్చింది.

“ఈ పాట వద్దండీ,” అంది.

“ఏం, బాగాలేదా?”

“బాగుంది. అందుకే వద్దు. అది నా మాట.”

“మాటకు సొంతదారేమిటి?” అన్నాడాయన, నిజంగానే అర్థంకాక. “నువ్వన్నావు, గాల్లో కలిసిపోయేది. నేను పట్టుకున్నాను. రేపు బిడ్డను పోగొట్టుకున్న ప్రతి తల్లీ ఇది పాడుకుంటుంది.”

“కుళాయి దగ్గర కూడా పాడతారు.”

“పాడితే?”

“నేను రోజూ అక్కడికి వెళ్ళాలి.”

“నాకు మాత్రం కూతురు కాదా?” అన్నాడాయన, గొంతు తగ్గించి. పాప పోయినప్పుడు ఆయన ఏడ్చాడన్నది నిజం. ఏడుస్తూనే విన్నాడన్నదీ నిజమే. రెండూ ఒక మనిషిలో ఎలా పడతాయో ఆమెకు తెలియలేదు.

“పాడనీవే,” అన్నారు అత్తగారు వంటింటి గుమ్మంలోంచి. “ఈ వంకనైనా పిల్ల పేరు నిలబడుతుంది.”

“పేరు పెట్టకుండానే పోయిందత్తయ్యా,” అంది ఆమె.

ఆమె బిందె తీసుకుని కుళాయికి వెళ్ళింది. వరసలో నిలబడి చుట్టూ ఉన్న ముఖాలు చూసింది. వీళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. పాప పోయినప్పుడు తమ వంతు ఆమెకు వదిలేసి, బిందె నింపి ఇంటికి పంపినవాళ్ళు. అయినా ప్లేటు వచ్చాక వీళ్ళు బట్టలు ఉతుకుతూ, అంట్లు తోముతూ దాన్ని కూనిరాగం తీస్తారు. మధ్యలో ఆపి, “కొంచెం జరుగమ్మా,” అంటారు. మళ్ళీ అందుకుంటారు. పాప గురించి ఆమెకు మిగిలింది ఆ ఒక్క వాక్యమే. ఫోటో లేదు, పేరు లేదు, చొక్కాలు కూడా అత్తగారు ఎవరికో ఇచ్చేశారు. ఆ వాక్యం పెద్దగొంతావిడ నోట్లో పడి ఊరంతా తిరిగి అరిగిపోయాక తన దగ్గర ఏముంటుంది? పాడనని మొరాయించవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అలా మొరాయించే దారి ఉందనే ఆమెకు ఆ రోజుకు తోచలేదు. ఇన్నేళ్ళూ మళ్ళీ అంటే మళ్ళీ పాడిన నోరు అది.

మర్నాడే రికార్డింగు. పొద్దున్నే బిందె ఖాళీ చేయించాడు. రాత్రంతా నాటక కవుల వెక్కిరింపు ఆయన చెవిలో మోగినట్టుంది. “చివరిదీ పాడు, మొదటిదీ ఇంకోసారి పాడు. మొదటిదానిలో పాండిత్యం ఉంది, ఊరికే పారేయబుద్ధి కావడం లేదు. ఏది నిలిస్తే అది,” అని చెప్పి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. తలుపు పెద్దగానే చప్పుడైంది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు తన మాట. ముఖాన్ని బిందె మూతికి నొక్కిపెట్టి, పెదాలు ఇత్తడికి తగిలేటట్టు పెట్టి, లోపలికి, ఎవరికీ కాకుండా అన్నది. కళ్ళనీళ్ళు బిందెలోకి పడుతున్నాయి. ఖాళీ బిందెలో ఆ కాసిని నీళ్ళే.

“వినబడలేదు. మళ్ళీ.”

మళ్ళీ అలాగే అంది.

“లాభం లేదు. మొదటిది పాడు.”

అప్పుడు ఆమె ఎన్నడూ చెయ్యని పని చేసింది. తల ఎత్తింది. బిందెను అలా వదిలేసి, మూసిన తలుపు వైపు తిరిగి, గొంతెత్తి పాడింది. శశిముఖిని, శయ్యను, శబ్దాన్ని, రెండు శాంతుల్నీ పళ్ళ మధ్య నుంచి ఒక్కొక్కటిగా శ్రద్ధగా వదిలింది. ఎదురుగా తలుపు, తలుపు మీద ఎండ. అడ్డం ఏమీ లేకుండా తన గొంతు ఎలా ఉంటుందో ఆమె విని చాలా ఏళ్ళయింది. చిత్తు గొంతులా లేదు.

తలుపు తెరుచుకునేసరికి ఆమె ముఖం మళ్ళీ బిందెలో ఉంది.

“అక్షరం అక్షరం వినబడింది,” అన్నాడాయన. “మరి నిన్న ఏమైంది?”

“నిన్న బిందె అడుగున నీళ్ళు మిగిలిపోయాయండీ. సరిగ్గా వంపలేదు.”

“ఒక్క పని తిన్నగా చెయ్యవు కదా,” అన్నాడు సంతోషంగా, చెప్పులు వేసుకుంటూ.

ప్లేటు తయారై వచ్చేసరికి ఎండలు పోయి వానలు వచ్చాయి. కంపెనీ ఆయనే దాన్ని గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాడు. ముందుగదిలో అత్తగారికి కుర్చీ వేశారు, గుమ్మంలో కుళాయి ఆడవాళ్ళు కూడా చేరారు. గ్రామఫోనుకు కీ తిప్పి, సూది దించారు. ముందు బొగ్గుల మీద నీళ్ళు చల్లినట్టు చప్పుడు. తర్వాత పెద్దగొంతావిడ. అయ్యో, ఏం పాడుతోందో పాపం, పంటినొప్పితో మూలుగుతున్నట్టుంది. ఆ, ఈ, అమ్మా తప్ప ఒక్క మాట లేదు. కుళాయి ఆడవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఆమె గోడకు ఆనుకుని చివరిదాకా వింది. చివర్లో, పాటంతా అయ్యాక, ఆయన పేరు గంట కొట్టినట్టు ఖంగున మోగింది.

“నీ పేరు మాత్రం బాగా పట్టిందిరా,” అన్నారు అత్తగారు.

ఇది పక్కన పెడదాం లెండి అన్నాడు కంపెనీ ఆయన, మర్యాదగానే. ఇంకోటి ఏదైనా ఉంటే త్వరగా ఇవ్వమన్నాడు. ఆయన్ని వీధి దాకా సాగనంపి వచ్చి, పాటలాయన ఎవరి వంకా చూడకుండా గదిలోకి వెళ్ళి, తలుపు ధడాలున వేశాడు. గోడ అదిరింది. వంటింట్లోకి వెళ్ళిపోయిన ఆమె ముందు బిందె మీద మూత కదిలింది.

“తలుపు మెల్లగా వెయ్యండి,” అంది ఆమె.

అనాలని అనలేదు. ఇన్నాళ్ళ తర్వాత అదే వచ్చేసింది, మామూలు గొంతుతో, వంటింట్లోంచి, మూసిన తలుపు మీదికి. రెండో సగం పెదాల దాకా వచ్చింది గానీ ఆమె దాన్ని పట్టుకుంది.

తలుపు మెల్లగా తెరుచుకుంది, చాలా మెల్లగా. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ముఖంలో కోపం లేదు. చేతిలో పెన్సిలుంది.

“దాటి వచ్చింది,” అన్నాడు. “ఒక్క అక్షరం పోలేదు. ఆ రోజు బిందెలో ఎందుకు నిలవలేదో మరి. ఇదే పంపిద్దాం, ఇది నిలబడుతుంది. ఒక్కసారి చూసుకుంటే చాలు.” ఆయన అప్పుడే పీట కోసం చూస్తున్నాడు. “బిందె ఖాళీ చెయ్యి.”

ఆమె మూత తీసి గ్లాసు ముంచింది. నిలబడే, తీరిగ్గా, గ్లాసు నీళ్ళూ తాగింది. గ్లాసు బోర్లించి, బిందె మీద మూత పెట్టింది.

“ఇవి తాగే నీళ్ళండీ,” అంది. “ఇంక వంచను.”